మూడున్నర కోటలు

"లేరా బాబూ, లే! సముద్రం ఎక్కడికీ పోదు. ఐదింటి పడవ మాత్రం పోతుంది!"

ఊనా గొంతు చించుకుంటోంది. ఫీక్రా వింటేగా! పెద్దకోట లోపల, కొండ అంచున బోర్లా పడుకుని, తల మాత్రం బయటికి చాచి కిందికి చూస్తున్నాడు. మూడు వందల అడుగుల కింద అలలు రాతి గోడను గుద్దుకుంటున్నాయి. ఊనా అతని కాలి మడమలు రెండూ గట్టిగా పట్టుకుని కూర్చుంది. అంచు దగ్గర నిలబడకూడదు, పడుకునే చూడాలి, వెనక ఒకరు కాళ్లు పట్టుకోవాలి. ఐర్లండ్ పడమటి తీరాన ఉన్న ఈ ఇనిష్ మోర్ దీవిలో పిల్లలకు నడకతో పాటే ఈ సంగతి కూడా నేర్పుతారు.

"ఇంకొక్క నిమిషం," అన్నాడు ఫీక్రా.

"ఇది పదకొండో ఒక్క నిమిషం. వదిలేస్తా చూడు కాళ్లు!"

ఆ మాటకు ఫీక్రా టక్కున వెనక్కి పాకి వచ్చాడు.

ఫీక్రా ఊనా పిన్ని కొడుకు. ఇద్దరికీ పదకొండేళ్లే. కానీ తాను మూడు నెలలు పెద్దనన్న సంగతి ఊనా రోజుకు మూడుసార్లయినా గుర్తుచేస్తుంది. వాడు డబ్లిన్ నుంచి నాలుగు రోజుల కోసం వచ్చాడు. ఈ సాయంత్రం ఐదింటి పడవకు వెళ్లిపోతాడు.

అసలు గొడవంతా నిన్న రాత్రి భోజనాల దగ్గర మొదలైంది. "మీ దీవిలో ఏముంది? రాళ్లు. వాటి పక్కన ఇంకొన్ని రాళ్లు," అన్నాడు ఫీక్రా, బంగాళాదుంప నోట్లో పెట్టుకుని.

"ఒరేయ్, అవి రాళ్లు కావు, కోటలు. మీ డబ్లిన్ పుట్టకముందు కట్టినవి. నాలుగున్నాయి!"

"నాలుగూ చూడాలంటే నాలుగు రోజులు పడుతుందేమో, మీ నత్తనడకకి."

ఊనాకు ఒళ్లు మండింది. నాలుగు కోటలూ ఒక్క రోజులో, సైకిల్ మీదా కాలినడకనా, ఐదింటి పడవ కదిలేలోపు చూపిస్తానంది. పందెం కుదిరింది. చూపిస్తే ఫీక్రా రేవులో "దీవి వాళ్లే గొప్ప!" అని అరవాలి. చూపించలేకపోతే ఊనా అందరి ముందూ పడవ తాళ్లు కట్టే దిమ్మె ఎక్కి "డబ్లిన్ వాళ్లే గొప్ప!" అని మూడుసార్లు అరవాలి. సెలవుల్లో ఊనా క్లాసు మొత్తం ఆ రేవులోనే తిరుగుతుంటుంది. అలా అరిచిన మనిషి మళ్లీ వాళ్ల ముందు తలెత్తుకోగలదా? అందుకే ఆరునూరైనా గెలిచి తీరాలనుకుంది.

పొద్దున్నే పడమటి కోట చూశారు. ఇప్పుడు పెద్దకోట అయింది. కానీ ఫీక్రా బోర్లా పడుకోవడంలోనే ముప్పావు గంట పోయింది.

"తొక్కు, తొక్కు!" అంటూ ఊనా ముందు దూసుకుపోయింది. ఎదురుగాలి. ఫీక్రా సైకిల్ అద్దెది. ఎత్తు వచ్చినప్పుడల్లా దాని గొలుసు ముసలి కుక్కలా మూలిగేది. నడిమి కోట దీవికి నడినెత్తిన ఉంటుంది. సగం దూరం సైకిళ్లు తోసుకుంటూనే ఎక్కారు. పైకి చేరేసరికి రెండున్నర దాటింది.

ఫీక్రా గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మట్టి లేదు, సున్నం లేదు, రాయి మీద రాయి. గోడ మాత్రం వాడికి రెండింతల ఎత్తుంది.

"ఇన్నేళ్లయినా పడిపోలేదే?" అన్నాడు. ఈసారి వాడి గొంతులో వెటకారం లేదు.

"పేర్చినవాళ్లు సరిగ్గా పేర్చారు కనుక. పద, ఇంకొక్కటే. నల్లకోట."

నల్లకోట దక్షిణపు అంచున ఉంది. రోడ్డు మీద పోవాలంటే రేవుదాకా దిగి మళ్లీ పైకి ఎక్కాలి. గంటన్నర. ఊనా లెక్క వేసుకుంది. చాలదు.

"అడ్డదారి ఉంది. బార్ట్లీ తాత పొలం మీదుగా పోదాం," అంది.

ఈ దీవిలో పొలాలకు గేట్లు ఉండవు. ప్రతి పొలం చుట్టూ రాతిగోడ. గోడలో ఒకచోట దించడానికి వీలుగా రాళ్లు పేరుస్తారు. దాన్నే గండి అంటారు. పశువును తోలాలంటే గండిలో రాళ్లు దించాలి, పశువు దాటాక మళ్లీ పేర్చాలి. రోజుకు పదిసార్లు దాటితే పదిసార్లూ అంతే. ఎవరి పొలంలోనుంచి ఎవరు వెళ్లినా ఇక్కడ ఎవరూ ఏమీ అనరు. దించినవాళ్లు పేర్చాలి, అంతే.

రాళ్లు దించడమంటే ఊనాకు చిన్నప్పటి నుంచీ సరదా. దబదబా కిందపడే చప్పుడు బాగుంటుంది. పేర్చే పని మాత్రం ఎప్పుడూ నాన్నదే.

సైకిళ్లు దాటించడానికి ఇద్దరూ కలిసి గండి మొత్తం దించేశారు. పొలంలో ఒక ఎర్రదూడ గడ్డి మేస్తోంది. వీళ్లను చూడగానే గంతులేస్తూ వచ్చి ఫీక్రా జేబులో మూతి పెట్టింది.

"అమ్మో! ఇది నన్ను తింటోంది!"

"నిన్ను కాదురా, నీ జేబులో జున్ను రొట్టెని. దాని పేరు రూవా. వాళ్లమ్మ పురిట్లోనే చచ్చిపోతే బార్ట్లీ తాత సీసాతో పాలు పట్టి పెంచాడు. బకెట్ చప్పుడు వినిపిస్తే చాలు, చర్చి లోపలికైనా వచ్చేస్తుంది."

రూవాను వెనక్కి తరిమి, ఊనా గండిలో నాలుగు పెద్ద రాళ్లు నిలబెట్టింది. వాటి మీద ఇంకో రెండు విసిరింది. చేతులు దులుపుకుంది.

ఫీక్రా కింద చూశాడు. "ఇంకా బోలెడు రాళ్లు మిగిలాయే?"

"చాల్లే. దూరం నుంచి గోడలాగే ఉంది కదా. ఎలాగూ ఇటే తిరిగి వస్తాం, అప్పుడు పెడదాం. టైమెంతయిందో చూశావా?"

మూడు దాటింది. ఫీక్రా సైకిల్ అందుకున్నాడు.

పొలం అవతల దారి సన్నబడి, చివరికి రాతినేలలో కలిసిపోయింది. సైకిళ్లు అవతలి గోడకు ఆనించి, గోడెక్కి దూకి నడక మొదలుపెట్టారు. ఆ నేలంతా సున్నపురాయి. బల్లపరుపుగానే ఉంటుంది గాని, మధ్యమధ్య లోతైన చీలికలు. కాలు అందులో ఇరుక్కుంటే చీలమండ విరగాల్సిందే. ఊనా మేకపిల్లలా దూకుతూ పోతోంది. ఫీక్రా బాతులా చేతులు చాచి వెనకాల వస్తున్నాడు.

అంత దూరంలో నల్లకోట కనిపించింది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము మీద నల్లటి గోడ. దాని ముందు నేలలో నాటిన వాడి రాళ్లు.

"ఇంకో రెండు వందల అడుగులు! రేవులో ఏమని అరవాలో గుర్తుందిగా? గొంతు సవరించుకో!" అంది ఊనా.

అప్పుడే గాలి వాలున ఒక కేక వినిపించింది. ఇద్దరూ వెనక్కి తిరిగారు. దూరంగా పొలం దగ్గర బార్ట్లీ తాత. చేతికర్ర ఊపుతూ రోడ్డు వైపు పరుగులాంటి నడకతో పోతున్నాడు. "సుక్, సుక్, సుక్!" అని పిలుస్తున్నాడు. దూడలను పిలిచే పిలుపది.

ఊనా చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుంది. పొలం వైపు చూసింది. ఖాళీ. గండి ఉన్న చోట గోడకు పన్నూడినట్టుంది.

"ఊనా, అటు చూడు," అన్నాడు ఫీక్రా.

రోడ్డు వైపు కాదు. రాతినేల మీద, కొండ అంచు వైపు, ఎర్రగా ఒకటి కదులుతోంది. రూవా! తాత వెతుకుతున్నది ఒక దిక్కు, దూడ పోతున్నది ఇంకో దిక్కు.

"ఇప్పుడెలా?" అంది ఊనా.

ఫీక్రా కోటను చూశాడు, దూడను చూశాడు. "రెండు వందల అడుగులేగా. పరిగెత్తి గోడ ముట్టుకుని వచ్చెయ్. పందెం నీదే. నేనేం అనను."

మంచి మనసుతోనే అన్నాడు వాడు. ఊనా కూడా ఒక అడుగు కోట వైపు వేసింది. ఐదు నిమిషాల్లో ఏమవుతుందిలే అనుకుంది. అంతలోనే రూవా ముందుకాలు ఒక చీలికలోకి జారింది. మోకాళ్ల మీద పడింది. తన్నుకుని, తన్నుకుని పైకి లేచింది. భయంతో ఇంకాస్త అంచు వైపు ఉరికింది.

ఊనా ఇక ఏమీ ఆలోచించలేదు. కోటకు వీపు తిప్పి పరుగు తీసింది.

"పరిగెత్తకు! బెదిరిపోతుంది!" అన్నాడు వెనకనుంచి ఫీక్రా.

నిజమే. ఊనా ఆగింది. దూడ కూడా ఆగి ఇటు చూసింది. దానికీ అంచుకూ మధ్య గట్టిగా ముప్పై అడుగులుంటుంది. దగ్గరికి పోతే అటు పోతుంది. పోకపోతే ఎటు పోతుందో తెలియదు.

"బకెట్! బకెట్ ఉంటే వచ్చేస్తుంది," అంది ఊనా, ఏడుపు గొంతుతో.

ఫీక్రా ఒక్క క్షణం ఆలోచించాడు. తల మీది హెల్మెట్ తీశాడు. వంగి గుప్పెడు గులకరాళ్లు అందులో వేసి ఊపాడు. గలగల, గలగల. అచ్చం బకెట్లో దాణా చప్పుడే.

రూవా చెవులు నిక్కాయి.

"సుక్, సుక్, సుక్," అని ఊనా మెల్లగా పిలిచింది.

దూడ ఒక అడుగు వేసింది. ఇంకొకటి. ఫీక్రా హెల్మెట్ ఊపుతూ వెనక్కి వెనక్కి నడిచాడు. వెనక్కి నడిచేవాడికి వెనకేముందో తెలియదు కదా, ధబేల్మని కూలబడ్డాడు. లేచేలోపు రూవా వచ్చి హెల్మెట్‌లో మూతి పెట్టేసింది. గులకరాళ్లు చూసి, మోసం అన్నట్టు తల విదిల్చింది. ఫీక్రా గబగబా జేబులోంచి జున్ను రొట్టె తీసి ఇచ్చాడు. ఈలోపు ఊనా తన స్వెట్టర్ చేతులు దాని మెడకు చుట్టి ముడి వేసేసింది.

"నా లంచ్," అన్నాడు ఫీక్రా దిగులుగా.

ఊనాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

సైకిళ్లు అక్కడే వదిలి, దూడను చెరోవైపు పట్టుకుని పొలం దాకా నడిపించారు. బార్ట్లీ తాత గండి దగ్గర రాతి మీద కూలబడి ఉన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. రూవాను చూసి లేచి, దాని మెడ చుట్టూ చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు.

"ఎక్కడ దొరికింది?" అన్నాడు చివరికి.

"నల్లకోట అంచు దగ్గర, తాతా," అన్నాడు ఫీక్రా.

ముసలాయన ముఖం పాలిపోయింది. "మీరు చూడబట్టి సరిపోయింది. లేకపోతే ఈ పాటికి... ఆ అద్దె సైకిళ్ల టూరిస్టులే! గండి దించుతారు, ఇలా వదిలేసి పోతారు. రేవులో గుర్రబ్బండి నడిపే నోరాకి ఫోన్ చేసి గట్టిగా చెప్పాను, వాళ్లెవరో పట్టుకో అని. రేపే ఇక్కడ ముళ్లతీగ వేసేస్తా. ఇక ఒక్కడు కూడా నా పొలం దాటకూడదు." జేబులోంచి బిస్కెట్ ప్యాకెట్ తీశాడు. "ఇదిగో, తల్లీ, తిను. ఎంతైనా మన ఊరి పిల్లవి. గండి విలువ తెలిసినదానివి."

ఊనా తేలు కుట్టిన దొంగలా నిలబడింది. ఫీక్రా వైపు చూసింది. వాడు తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. వాడు చెప్పడు. తాను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పైగా బిస్కెట్లు కూడా దొరుకుతాయి.

బిస్కెట్ ప్యాకెట్ అందుకోలేదు ఊనా.

"టూరిస్టులు కాదు తాతా. నేనే. పందెం కోసం అడ్డదారిలో వచ్చాం. పైపైన నాలుగు రాళ్లు పెట్టి వెళ్లిపోయాను. వచ్చేటప్పుడు పెడదామనుకున్నాను."

బార్ట్లీ తాత బిస్కెట్ ప్యాకెట్ మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. తిట్టినా బాగుండుననిపించింది ఊనాకు.

"నువ్వా?" అన్నాడు. "అద్దె సైకిల్ వాడికి తెలియదమ్మా, వాడి తప్పు సగమే. నీకు తెలుసు."

ఊనా కళ్లలో నీళ్లు తిరిగాయి. తల వంచుకుంది.

"ఏడిస్తే గోడ లేస్తుందా? పేర్చు," అన్నాడు తాత.

ఊనా పేర్చింది. ఫీక్రా రాళ్లు అందించాడు. గండి నిండింది. తాత లేచి వచ్చి, వెనక్కి తిరిగి తన తుంటితో ఒక్క తోపు తోశాడు. గోడ సగం కూలింది.

"దూడ ఒళ్లు గోక్కుంటే ఇలాగే ఉంటుంది. మళ్లీ."

రెండోసారి పెద్దవి అడుగున పెట్టింది. తాత తోశాడు. రెండు రాళ్లు పడ్డాయి. "సందుల్లో చిన్నవి బిగించాలి. రాయికి రాయి ఊతం. తొందరపడితే నీకే రెండింతల పని."

మూడోసారి తోస్తే ఒక్కటీ కదల్లేదు. ఊనా వేలి గోరు చిట్లింది. నాలుగుంపావు దాటింది.

"తాతా, ముళ్లతీగ వేస్తావా?" అంది ఊనా, భయంభయంగా.

"ఎందుకు? తీగ వేస్తే నువ్వు పేర్చడం ఎప్పుడు నేర్చుకుంటావు?" అన్నాడు తాత. ఫోన్ తీశాడు. "నోరాకు చెప్పాలి. పాపం, ఎవరి మీద విరుచుకుపడుతోందో."

"నేను చెప్తాను తాతా. రేవుకే వెళ్తున్నాం," అంది ఊనా.

తాత ఆమె ముఖంలోకి చూసి, ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

పరుగున పోయి సైకిళ్లు తెచ్చి, గోడ మీదుగా ఎత్తి దాటించారు. దిగుడు దారి. ఇద్దరూ గాలిలా దూసుకెళ్లారు. ఇంటిముందు ఆగి ఫీక్రా సంచి అందుకుని, రేవు చేరేసరికి ఐదుకు పది నిమిషాలుంది. అమ్మ పడవ దగ్గర టికెట్ పట్టుకుని చిటపటలాడుతోంది. ఊనా క్లాసు పిల్లలు గట్టు మీద వరసగా కూర్చుని కాళ్లు ఊపుతున్నారు.

పడవ పక్కన గుర్రబ్బండి నడిపే నోరా అత్త, నడుం మీద చేతులు పెట్టుకుని, ఇద్దరు ముసలి టూరిస్టులను దులిపేస్తోంది. వాళ్ల పక్కన రెండు అద్దె సైకిళ్లు. "గండి దించినవాళ్లకి ఎత్తే చేతులు లేవా? ఒక ముసలాయన కన్నబిడ్డలా పెంచుకున్న దూడ!" పాపం వాళ్లకు ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. దారి అడుగుతోందేమోననుకుని మ్యాపు విప్పి చూపిస్తున్నారు. పిల్లలు నవ్వుతున్నారు.

బార్ట్లీ తాత ముందు చెప్పడం ఒక ఎత్తు. ఇక్కడ చెప్పడం ఇంకో ఎత్తు.

"పందెం వదిలేద్దాంలే. ఎవరికీ చెప్పను," అని ఫీక్రా చెవిలో అన్నాడు.

ఊనా తల అడ్డంగా ఊపింది. పడవ తాళ్లు కట్టే ఇనుప దిమ్మె ఎక్కి నిలబడింది.

"డబ్లిన్ వాళ్లే గొప్ప! డబ్లిన్ వాళ్లే గొప్ప! డబ్లిన్ వాళ్లే గొప్ప!"

రేవంతా గొల్లుమంది. పిల్లలు ఈలలు వేశారు. "ఎన్ని కోటలు చూశారే?" అని ఎవరో అరిచారు.

"మూడున్నర," అంది ఊనా. దిమ్మె దిగలేదు. "నోరా అత్తా, వాళ్లను ఏమీ అనకు. బార్ట్లీ తాత గండి వదిలేసింది వాళ్లు కాదు, నేను. దూడ దొరికింది. గండి మళ్లీ పేర్చాను."

నవ్వులు ఆగిపోయాయి. ఊనాకు చెవులు ఎర్రబడి వేడెక్కాయి. కానీ తల వంచుకోవాలనిపించలేదు.

నోరా అత్త ముఖం చూడాలి! నోట్లో పచ్చివెలక్కాయ పడ్డట్టయింది. టూరిస్టుల వైపు తిరిగి, వాళ్ల బరువైన సంచులు రెండూ లాక్కుని తానే పడవ ఎక్కించింది. తిరిగి వస్తూ ఊనా దగ్గర ఆగింది.

"దిగవే ఇక. పడవ తాడు విప్పాలి," అంది. అని, ఊనా జుట్టులో ఇరుక్కున్న రాతిపొడి దులిపింది.

పడవ కదిలింది. ఫీక్రా దూడ చొంగ పట్టిన హెల్మెట్‌ను ఊపుతూ మలుపు తిరిగేదాకా నిలబడే ఉన్నాడు.

మర్నాడు పొద్దున నాన్న ఆవులను పై పొలానికి తోలుతున్నాడు. ఊనా గండి రాళ్లు దించింది. ఆవులు దాటాయి. నాన్న వంగి మొదటి రాయి అందుకోబోయాడు.

"నాన్నా, నువ్వు ఆవుల వెంట వెళ్లు. ఇది నేను పేరుస్తా."

"చాలాసేపు పడుతుందే?"

"పట్టనీ."

నాన్న వెళ్లాడు. ఊనా పెద్ద రాళ్లు అడుగున వేసింది. సందుల్లో చిన్నవి బిగించింది. అంతా అయ్యాక వెనక్కి తిరిగి తుంటితో తోసింది. పైవరసలో ఒక రాయి టకటకమని కదిలింది. పడలేదు, కదిలిందంతే. చుట్టూ చూసేవాళ్లు ఎవరూ లేరు.

ఊనా పైవరస మొత్తం దించి, మళ్లీ మొదలుపెట్టింది.